సీమ చదువులు – చిన్న సుఖములు



ఈ సాయంకాలము నేను మనవి చేయబోవునది రాజులకును యుద్ధములకును సంబంధించిన చరిత్ర కాదు. దుప్పటికిని, చారునకును, ఉత్తరమునకును సంబంధించిన చరిత్ర. ఇదియు నొక చరిత్రయేనా యని తమలో కొందరు నవ్వవచ్చును. నవ్విన పిమ్మటనే వినుడు.

మొన్నటి దినములలో నేను చిత్తూరునకు పడమటనున్న యొక పల్లెలో బంధువుల యింటికి పోయియుంటిని. ప్రొద్దుగ్రుంకువేళ రచ్చబండకడ నలుగురు పెద్దలు కూర్చుండియుండిరి. వారిలో ఒకరి మనుమడు అమెరికాలో చదువుకొనుచున్నాడు. ఆయన నన్ను దగ్గరకు పిలిచి, "నాయనా, వాడు దినామూ ఫోను చేస్తాడు. ఎట్లుండావురా అంటే బాగుండా తాతా అంటాడు. అంతే. బాగుండాడో లేడో నాకెట్ల తెలిసేది?" అనిరి. ఆ ప్రశ్నకు అప్పుడు నాకు సమాధానము తోచలేదు. ఇంటికి వచ్చి, నే నెరిగిన పాత కథలను మరల తలపునకు తెచ్చుకొంటిని. పెద్దాయన యడిగిన దానికి సమాధానము వానిలోనే యున్నట్లు తోచినది. దానినే తమకు విన్నవించుచున్నాను.

చదువునకై ఇల్లు విడుచుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. వేదమునకో శాస్త్రమునకో గురువునొద్దకు పోయిన పేదపిల్లవాడు వారములు చేసికొని చదువుకొనెడివాడు. సోమవారము ఒక యింట, మంగళవారము మరియొక యింట భోజనము. ఏడిండ్లలో ఒక్క యింటి యిల్లాలైనను, "బిడ్డా, ఇంకొంచెము పెట్టించుకో" యని నేయి వడ్డించినచో, ఆ వారమంతయు వానికి ఆ విస్తరియే దిక్కు. రాష్ట్రపతిగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తిరుత్తణిలో పుట్టి, 1896 మొదలు 1900 వరకు తిరుపతిలోని లూథరన్ మిషను పాఠశాలలో చదువుకొనిరి. ఆనాడు ఎనిమిదేండ్ల బాలునకు తిరుపతియే ఒక పరదేశము. కాని తిరుత్తణినుండి తిరుపతికి పోయిన పిల్లవానికి అన్నము అన్నముగానే యుండెను, ఎండ ఎండగానే యుండెను. సముద్రము దాటినవానికి ఈ రెండును మారిపోయెను.

పూర్వము మన పెద్దలు ఇంగ్లండును సీమ యనెడివారు. విదేశమునుండి వచ్చిన దానికెల్ల ఆ పేరు తగిలించిరి. సీమచింత, సీమవంకాయ యని నేటికిని పలుకుచునే యున్నాము. చదువునకై ఆ సీమకు పోయిన మనవారిలో మొదట చెప్పదగినవారు కట్టమంచి రామలింగారెడ్డిగారు. కట్టమంచి చిత్తూరును ఆనుకొనియున్న గ్రామము. ఆయన 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన జన్మించిరి. అప్పటికి చిత్తూరు జిల్లా యనునది లేదు. ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరు ముఖ్యపట్టణముగా నుండెను. మన జిల్లా ఏర్పడినది 1911లో. రెడ్డిగారు చెన్నపట్టణమున క్రైస్తవ కళాశాలలో చదువుచుండగనే 'ముసలమ్మ మరణము' అను కావ్యము వ్రాసి బహుమతి పొందిరి. అనంతపురము చెంత బుక్కరాయసముద్రము చెరువుకట్ట తెగబోగా ఊరిని కాపాడుటకై ప్రాణమిచ్చిన ఒక యింటి కోడలి కథ యది. మన సీమలోని చెరువుకట్ట కథను మనసున నిలుపుకొనిన యువకుడు 1902లో ప్రభుత్వ విద్యార్థి వేతనముతో కేంబ్రిడ్జికి పోయి సెయింట్ జాన్స్ కళాశాలలో చేరెను.

అచ్చటి చలి ఎట్టిదో మనవారికి చెప్పుట కష్టము. మనకు తెలిసిన చలి ధనుర్మాసపు తెల్లవారుజామున కంబళి కప్పుకొనినచో పోవునది. అచ్చట శీతకాలమున మధ్యాహ్నము నాలుగు గంటలకే చీకటి పడును. గదిలో బొగ్గుల పొయ్యి యున్నచో దాని ముందరి మూరెడు నేలయే వెచ్చన. ఈ చలిని గూర్చి ఒక చిన్న కథ కలదు. అది మన జిల్లావానిది కాకపోయినను, మన పొరుగువానిది. ఈరోడులో పుట్టి కుంభకోణమున పెరిగిన గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ 1914 మార్చి 17వ తేదీన చెన్నపట్టణమున ఓడ యెక్కి, ఏప్రిల్ 14వ తేదీన లండను చేరెను. ఇరువదియెనిమిది దినముల ప్రయాణము. పిమ్మట కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో నివసించెను. ఆ దినములలో కేంబ్రిడ్జిలోనే చదువుచుండిన వంగదేశీయుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఒకనాడు ఆయన గదికి పోయెను. ఈ మహలనోబిసే పిమ్మట 1931లో భారత గణాంక సంస్థను స్థాపించినవాడు. రామానుజన్ పొయ్యికి మిక్కిలి దగ్గరగా కూర్చుండియుండెను. "రాత్రి వెచ్చగా నిద్రపట్టుచున్నదా?" యని మహలనోబిస్ అడిగెను. రాత్రి పై కోటు తొడుగుకొని, శాలువ చుట్టుకొని పరుండుచున్నాననియు, అయినను చలి తీరుటలేదనియు రామానుజన్ చెప్పెను. మహలనోబిస్ పడకగదిలోనికి పోయి చూడగా, మంచముమీద కంబళ్లు చాలినన్ని యుండెను. అచ్చటి పద్ధతి ననుసరించి వాని యంచులను పరుపు క్రిందికి దోపి, పైన ఒక దుప్పటి పరచియుండిరి. రామానుజన్ ఆ పై దుప్పటిమీదనే పరుండుచుండెను. కంబళ్లను మడత విప్పి వాని నడుమ దూరి పరుండవలెనని ఆయనకు ఎవ్వరును చెప్పలేదు. మహలనోబిస్ చూపెను. ఆ రాత్రినుండి ఆ బాధ తప్పెను.

పెద్దలారా, ఈ కథలోని కీలకమును చూడుడు. అనంతమైన సంఖ్యల మర్మము నెరిగిన మనిషికి కంబళి యెట్లు కప్పుకొనవలెనో తెలియలేదు. తెలియకపోవుట ఆయన దోషము కాదు. అడుగుటకు సిగ్గు. చెప్పుటకు తనవారు లేరు. కంబళి ప్రక్కనే యుండెను, చలియు నుండెను. రెంటిని కలుపుటకు ఒక మిత్రుడు కావలసివచ్చెను. "రాత్రి వెచ్చగా నిద్రపట్టుచున్నదా?" యను ఆ ప్రశ్నను కొంచెము జ్ఞాపకముంచుకొనుడు. ఈ ప్రసంగము చివర దానితో మనకు పని కలదు.

చలి తరువాత అన్నము. గాంధీ మహాత్ముడు పందొమ్మిదేండ్లు నిండకముందే 1888 సెప్టెంబరు 4వ తేదీన బొంబాయిలో ఓడ యెక్కెను. సముద్రము దాటుచున్నాడని ఆయన కులమువారు వెలివేసిరి. మాంసము ముట్టనని తల్లికి ప్రమాణము చేసియుండెను. లండనులో ఇల్లు, తల్లి జ్ఞాపకము వచ్చి రాత్రులయందు కన్నీరు ధారగా కారెడిదని ఆయనయే తన యాత్మకథలో వ్రాసికొనెను. బసలో పెట్టు చప్పిడి కూడు చాలక, శాకాహారశాల నెదకుచు దినమునకు పది పండ్రెండు మైళ్లు నడచెడివాడు. దారిలో చౌక హోటలులో రొట్టె తినియు తృప్తి లేక తిరిగివచ్చెడివాడు. ఒకనాడు ఫారింగ్డన్ వీధిలో శాకాహారశాల కనబడెను. దానిని చూడగనే పసిబిడ్డకు కోరిన వస్తువు చేతికి వచ్చినంత సంతోషము కలిగెనట. ఆ వాకిటి యద్దములో శాకాహారమును సమర్థించుచు సాల్ట్ అను నాయన వ్రాసిన పుస్తకము అమ్మకమునకుండగా, ఒక షిల్లింగు ఇచ్చి కొని, లోపలికి పోయి, ఇంగ్లండు చేరిన తరువాత మొదటి మారు కడుపునిండ భోజనము చేసెను.

కడుపు నిండుటతో ఆ కథ ముగియలేదు. ఆ పుస్తకము ఆయనకు ఆలోచన నిచ్చెను. ఆ మతమువారి సంఘమున మిత్రులు దొరికిరి. కొలది కాలమునకు ఆ సంఘపు కార్యవర్గమునందే సభ్యుడయ్యెను. సభయందు లేచి మాటలాడుటకు నోరురాని పిరికివాడు సంఘకార్యములు నేర్చినది అచ్చటనే. దొరతనము రావలెనని మొదట ఆయన నృత్యమునకును, వయొలిన్ వాద్యమునకును ధనము వ్యయము చేసి చూచెను. వానివలన సుఖము రాలేదు. గది మార్చి, ఉదయమున ఓట్సు జావ, రాత్రి కోకో తానే కాచుకొని, ప్రతి కాసునకును లెక్క వ్రాసికొనుట మొదలిడిన తరువాత మనసు కుదుటబడెను. తన చేత కాచుకొనిన జావలో నున్న నెమ్మది కొనితెచ్చుకొనిన దొరతనములో లేదు.

రామానుజనును తన వంట తానే చేసికొనెడివాడు. ఉప్పును నిమ్మరసమును కలిపిన అన్నముతోనే ఎంతకాలమైనను గడుపగలనని స్వదేశమందలి మిత్రునకు వ్రాసెను. ఒకనాడు ఆయన కూరలు కలియబెట్టుచుండగా, మహలనోబిస్ ప్రక్కన కూర్చుండి ఒక పత్రికలోని లెక్కను చదివెను. వీథిలో ఇండ్లకు వరుసగా అంకెలున్నవి. ఒక యింటికి ఎడమనున్న ఇండ్ల సంఖ్యలు కూడినను, కుడినున్నవి కూడినను మొత్తము సమానము. ఆ యింటి సంఖ్య యెంత? తమరును రచ్చబండకడ దీనిని వేసి చూడవచ్చును. ఎనిమిది యిండ్ల వీథిలో ఆరవ యిల్లు అట్టిది. ఎడమ ఒకటి మొదలు అయిదువరకు కూడిన 15. కుడి ఏడు, ఎనిమిది కూడిన 15. పత్రికలోని వీథి పెద్దది, 288 యిండ్లది. అందులో 204వ యిల్లు అట్టిది. రామానుజన్ గరిటె త్రిప్పుచునే, ఆ యొక్క వీథికే కాక అట్టి వీథులన్నింటికిని చెల్లు సమాధానమును చెప్పెను. వంటయు, ప్రక్కన మిత్రుడును, నోటిలో లెక్కయు. పరదేశమున ఆయనకు సుఖమనదగిన ఘడియలు ఇట్టివే.

అయితే చిన్న సుఖము ఎంత బరువు మోయుచుండునో చెప్పుటకు మరియొక కథ కలదు. ఒకమారు ఆయన ఒక భారతీయ మిత్రుని, ఆ మిత్రుడు పెండ్లాడబోవు కన్యను, మరియొక స్త్రీని తన గదికి భోజనమునకు పిలిచెను. తానే చారు కాచి వడ్డించెను. అతిథులు రెండుమారులు పోయించుకొని, మూడవమారు చాలునని మర్యాదగా చెప్పిరి. కొంతసేపటికి చూడగా ఆయన గదిలో లేడు. చెప్పక బయలుదేరి ఆక్స్‌ఫర్డునకు పోయెను. కొన్ని దినముల పిమ్మట అచ్చటినుండి తంతి వచ్చెను, తిరిగి వచ్చుటకు ధనము పంపుమని. వడ్డించినది వద్దనుట తనకు అవమానముగా తోచెనని ఆయన తరువాత చెప్పెను. మన యిండ్లలో పెద్దమ్మ, "ఇంకొంచెము" అనగా "చాలు" అనుటలో తప్పు లేదు. ఆ చెంబుడు చారుతో తన యింటినే వారికి వడ్డించుచున్నానని ఆయన తలచెను. వద్దన్నప్పుడు ఆయనకు ఇల్లే లేనట్లయ్యెను.

అన్నము తరువాత మాట. నోరార మాటలాడుట లేనిచో మనిషి సగము మూగవాడు. కేంబ్రిడ్జిలో భారతీయ విద్యార్థులు 1891లోనే 'మజ్లిస్' అను పేర ఒక సమావేశమును స్థాపించుకొనిరి. మన రామలింగారెడ్డిగారు దొరల పిల్లల చర్చాసభయగు యూనియన్ సొసైటీలోనే పేరుపొంది, దానికి ఉపాధ్యక్షులుగా ఎన్నికైరి. భారతీయులలో ఆ పదవి మొదట పొందినది ఆయనయే యని చెప్పుదురు. దీనిని మనము ఘనతగా చెప్పుకొందుము. నేను దీనిని సుఖముగా కూడ చెప్పదలచితిని. పరభాషలో, పరుల నడుమ, తాను లేచి నిలిచి ఒక మాట చెప్పగా నూరుమంది విని, నవ్వి, ఎదురుమాట చెప్పుట కంటె ఒంటరితనమునకు గొప్ప మందు వేరొకటి లేదు. రెడ్డిగారు చరిత్రయందు ప్రథమశ్రేణిలో నెగ్గి వచ్చి, 1914లో 'కవిత్వతత్త్వ విచారము' వ్రాసిరి, 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు మొదటి ఉపాధ్యక్షులైరి. పాతమాటను అట్లే ఒప్పుకొనక ఎదిరించి ప్రశ్నించు ఆయన పద్ధతి ఆ చర్చాసభల వెలుగును కూడ పొందియుండును.

మదనపల్లె పిల్లల కథ వేరు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టెను. తమ్ముడు నిత్యానంద. తల్లి సంజీవమ్మ 1905లో కాలము చేసెను. తండ్రి నారాయణయ్య రెవిన్యూ ఉద్యోగి. ఉద్యోగవిరమణ పిమ్మట 1909లో పిల్లలతో అడయారులోని దివ్యజ్ఞాన సమాజమునకు చేరెను. అనీబిసెంటమ్మ యా పిల్లల నిరువురిని 1911లో ఇంగ్లండునకు తీసికొనిపోయెను. అన్నకు పదునారు, తమ్మునికి పదుమూడు. పిల్లలు అచ్చట నుండగనే, వారిని తనకిప్పించవలెనని తండ్రి ఆమెపై 1912లో వ్యాజ్యము వేసెను. చెన్నపట్టణ హైకోర్టులో తండ్రి గెలిచెను. 1914లో లండను ప్రీవీ కౌన్సిలులో ఆమె గెలిచెను. ఆ మధ్యకాలమున ఆ బాలుర మనసు ఎట్లుండెనో తమరే ఊహింపుడు. కన్నతండ్రి ఒకవైపు, పెంచినామె మరియొకవైపు, చుట్టును పరదేశము. అన్నను లోకగురువని కొందరు పూజించుచుండిరి. ఆయనయో లండను విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్షలో పలుమారులు తప్పెను. తమ్ముడు నెగ్గెను.

వారికి దొరికిన సుఖములు చిన్నవి. ప్రసిద్ధ వాస్తుశిల్పి లుటియెన్సు దొరగారి భార్య ఎమిలీయమ్మ వారిని కన్నబిడ్డలవలె చూచెను. తల్లిలేని కృష్ణమూర్తి ఆమెను అమ్మా యనియే పిలిచెను. అన్నదమ్ములు ఆ యింటికి పోయి, ఆంగ్ల హాస్యకథలు చదివి విరగబడి నవ్వెడివారని ఆ యింటి కుమార్తె మేరీ పిదప వ్రాసెను. కార్న్‌వాల్ సముద్రతీరమున నుండినప్పుడు కృష్ణమూర్తికి ఒక మోటారుసైకిలు దొరకగా, దానిని తుడిచి మెరుగుపెట్టుట, మరలు విప్పి బిగించుట ఆయనకు ఆనందముగా నుండెను. లోకగురువని పిలువబడినవానికి మరలు బిగించుటలో ఆనందమేమని యడుగవద్దు. మోటారుసైకిలు ఆయనను గురువని పిలువలేదు. చక్కగా తుడిచినచో మెరిసెను, సరిగా బిగించినచో నడచెను. అంతే చాలునని మనసు కోరు దినములు ప్రతివానికిని వచ్చును.

ఇట్టి సుఖములు అన్నింటిని నయము చేయునని నేను చెప్పను. చెప్పినచో అబద్ధమగును. నిత్యానందకు క్షయ పట్టి 1925లో అమెరికాలోని ఓహాయిలో కన్నుమూసెను. అప్పుడు అన్న స్వదేశమునకు వచ్చు ఓడలో నుండెను. రామానుజన్ యుద్ధకాలపు కొరతలలో జబ్బుపడి, 1918లో ఒకనాడు ప్రాణము తీసికొనబోయి, ఇతరుల సాయమున రక్షింపబడెను. 1919లో ఇంటికి వచ్చి, మరుసటి యేట ఏప్రిల్‌లో ముప్పదిరెండేండ్లకే పోయెను. చిన్న సుఖము పెద్ద వ్యాధికి మందు కాదు. అది ఊతకోల. మందు వచ్చువరకు, తోడు వచ్చువరకు మనిషిని నిలువబెట్టును. ఊతకోల లేనివాడు మందు వచ్చులోపలనే పడిపోవచ్చును.

మన తెలుగువారిలో మరి ఇరువురిని స్మరించెదను. చీరాల పేరాల ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు స్కాట్లండులోని ఎడింబరోలో ఎం.ఏ. చదివిరి. సీమకు పోయినవారిలో కొందరు మన కళలను మరచిరి. ఈయన ఆనంద కుమారస్వామిగారితో కలిసి నాట్యశాస్త్ర గ్రంథమగు అభినయదర్పణమును ఆంగ్లమున వ్రాసిరి. అది 1917లో అచ్చయ్యెను. దూరముననున్నప్పుడు మన చేతిముద్రల యర్థమును పరులకు చెప్పుటలో మనసునకు ఎంత బలము వచ్చునో ఆయన యెరుగును. రెండవవారు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1923లో అమెరికాలోని బాస్టను చేరి హార్వర్డులో చదువుచు, కూటికై ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రముల పాత్రలెత్తు కొలువు చేసిరి. పిదప ఆయన పరిశోధనలు వైద్యలోకమునకు ఎంతయో మేలు చేసినవి. నేడు మీ మనుమడు హోటలులో పళ్లెములు కడుగుచున్నాడని తెలిసినచో తల వంచుకొనకుడు. తనకు ముందు నడచినవారి దారిలోనే నడచుచున్నాడని తలచుడు.

ఇక ఉత్తరము. పూర్వము సీమనుండి ఉత్తరము రావలెనన్న వారములు పట్టెడిది. 1898 డిసెంబరులో సామ్రాజ్యమందలి పలు దేశములకు ఒక పెన్నీ తపాలా వచ్చిన పిమ్మట పేదవిద్యార్థియు ఇంటికి వ్రాయగలిగెను. కాని ఉత్తరము పోవుట వేరు, నిజము పోవుట వేరు. గాంధీ మహాత్ముడు 1891లో చదువు ముగించి బొంబాయిలో ఓడ దిగెను. తల్లిని చూతునను ఆశతో దిగెను. అప్పటికే ఆమె పరమపదించియుండెను. పరదేశమున ఆ దెబ్బ తాళలేడని అన్న ఆ వార్తను దాచియుంచెను. ప్రేమతోనే దాచెను. అయినను ఆ దుఃఖము తండ్రి మరణమునకంటె ఎక్కువగా తన్ను బాధించెనని మహాత్ముడు వ్రాసికొనెను. రామానుజన్ విషయములో మరియు కష్టము. తాను భర్తకు వ్రాసిన ఉత్తరములను అత్తగారు పోనీయలేదని భార్య జానకమ్మ ముసలితనమున చెప్పిరి. ఇంటినుండి మాట రాకపోగా ఆయనయు ఇంటికి వ్రాయుట తగ్గించెను. నడుమనున్నది సముద్రము మాత్రమే కాదు, ఇంటివారి మౌనము కూడ.

ఇప్పుడు రచ్చబండకడ పెద్దాయన యడిగిన ప్రశ్నకు వచ్చెదను. నేడు ఉత్తరము వలసినపని లేదు. చేతిలోని యంత్రమున ముఖము కనబడును, మాట క్షణములో వినబడును. అయినను "బాగుండా తాతా" యను మాట మాత్రము పాతదే. మనమును, "మాకేమి, అందరము బాగుండాము" అనియే చెప్పుచున్నాము. ఇంట ముసలావిడ జబ్బుపడినను చెప్పము, అప్పు పెరిగినను చెప్పము, పాడియావు చచ్చినను చెప్పము. వాడును గది చల్లగా నున్నదని చెప్పడు, పరీక్ష తప్పితినని చెప్పడు. ఇరువైపుల ప్రేమయే, ఇరువైపుల దాపరికమే. తాము దాచుచు వానిని మాత్రము నిజము చెప్పుమనుట న్యాయము కాదు.

కనుక నా మనవి ఇది. "ఎట్లుండావు?" అని యడుగవద్దు. ఆ ప్రశ్నకు "బాగుండా" యను సమాధానము తప్ప వేరొకటి రాదు. మహలనోబిస్ అడిగినట్లు అడుగుడు. "రాత్రి వెచ్చగా నిద్రపట్టినదా? ఈ దినము ఏమి వండుకొంటివి? ఎవరితో కలిసి తింటివి? ఈ వారము దేనికి నవ్వితివి?" చిన్న ప్రశ్నకు అబద్ధము చెప్పుట కష్టము. చారు కాచుకొనినవాడు కాచితినని చెప్పును. కాచుకొననివాడు కొంచెము తడబడును. ఆ తడబాటులోనే తమకు కావలసిన వార్త యుండును. పలుదినములు వండుకొనలేదు, నిద్రలేదు, ఎవరితోను మాటలేదు అని తేలినచో, దానిని సోమరితనమని మందలింపక, ఆ యూరిలోనున్న తెలుగువారిని గాని, వాని కళాశాలలోని వైద్యుని గాని కలియుమని వెంటనే చెప్పుడు. కంబళి ప్రక్కననే యుండవచ్చును. చూపువాడు కావలెను.

తామును నిజము చెప్పుడు. వానలు పడలేదని చెప్పుడు. మామిడి పూతకు వచ్చినదని చెప్పుడు. అవ్వకు మోకాళ్లనొప్పి హెచ్చినదని చెప్పుడు. ఇంటి కష్టములో తనకును భాగమున్నదని తెలిసినవాడు తన కష్టములో ఇంటికి భాగమిచ్చును.

ఆ పెద్దాయనకు ఈ మాటలు చెప్పితిని. తరువాత పది దినములకు మరల ఆ పల్లెకు పోవుట తటస్థించెను. ఏమైనదని యడిగితిని. "ఏం వండుకున్యావురా అని అడిగినా నాయనా. కొంచేపు మాట్లాడలే. తర్వాత, చింతపండు అయిపోయింది తాతా, నెలాయె అన్న్యాడు. అదొక్కటే కాదు, శానా చెప్పినాడు. గంటసేపు మాట్లాడినాడు" అనిరి. ఏమి చెప్పినాడని నేనడుగలేదు. అది తాతకును మనుమనికిని సంబంధించినది. ఆయన యింటి వసారాలో మాత్రము గింజ తీసిన చింతపండు పొట్లము కట్టి యుండెను. తిరుపతికి పోయి పంపించవలెనని చెప్పి, పైపంచె సవరించుకొని లేచిరి.